నేలమాళిగలో చిక్కుకొన్న సాలమాండర్: శీతకాలం దాటించడం ఎలా?

ఉద్దేశాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు చలిదేశాల్లో సాలమాండర్లు ఇళ్ల నేలమాళిగల్లోకి ఎందుకు చేరతాయో వివరించగలుగుతారు. ఉష్ణోగ్రతకూ జీవక్రియ రేటుకూ ఉన్న సంబంధాన్ని ఒక నిజమైన సందర్భానికి అన్వయించగలుగుతారు. అటువంటి జంతువు కంటబడినప్పుడు ఏమి చేయాలో, అంతకంటే ముఖ్యంగా ఏమి చేయకూడదో, కారణాలతో సహా చెప్పగలుగుతారు.

1. పరిచయం

ఉభయచరాల పాఠంలో ఆక్సోలోటల్ బొమ్మను మీలో చాలామంది గీసే ఉంటారు. తలకు రెండు పక్కలా ఈకల్లాంటి మొప్పలతో, లార్వా రూపంలోనే ఉండి ప్రత్యుత్పత్తి జరిపే ఆ జీవిని నియోటెనీకి ఉదాహరణగా చదివాం. అది ఆంబిస్టోమా అనే ప్రజాతికి చెందింది. అదే ప్రజాతికి చెందిన టైగర్ సాలమాండర్ ఉత్తర అమెరికాలో విస్తారంగా కనిపిస్తుంది. ప్రస్తుత పాఠం దాని గురించే.

నవంబరు నెల అనుకోండి. అమెరికా ఉత్తర సరిహద్దున ఉన్న మిన్నెసోటా రాష్ట్రంలో ఒక ఇల్లు. బయట నేల గడ్డకట్టడం మొదలైంది. ఇంటి అడుగున ఉన్న నేలమాళిగలోకి, అంటే మన పట్టణాల్లో సెల్లార్ అనే గదిలోకి, ఎవరో బట్టలు ఉతికే యంత్రం వేయడానికి దిగుతారు. గోడ మూలన జానెడు పొడవున్న నల్లటి జీవి, ఒంటి నిండా పసుపు మచ్చలతో, కదలకుండా పడి ఉంటుంది. చూసినవారు ముందుగా బల్లి అనుకొంటారు. బల్లికి పొలుసులు, గోళ్లు ఉంటాయి. దీనికి అవి లేవు. చర్మం నున్నగా, తడిగా ఉంటుంది. ముందు కాళ్లకు నాలుగేసి వేళ్లు, వెనుక కాళ్లకు అయిదేసి.

తరువాత జరిగేది ఊహించడం కష్టం కాదు. 'పాపం, చలికి బిగుసుకుపోయింది' అనుకొని దాన్ని ఒక డబ్బాలో వేసి, పై అంతస్తులో హీటరు పక్కన పెడతారు. డబ్బాలో ఒక పొడి గుడ్డ కూడా పరుస్తారు. సదుద్దేశంతో చేసిన ఈ పనే చాలా సాలమాండర్ల ప్రాణం తీస్తుంది. ఎందుకో తెలియాలంటే ముందు అది అక్కడికి ఎలా వచ్చిందో చూడాలి.

2. పునాది లోతు, బొరియ లోతు

మిన్నెసోటా వంటి ప్రాంతాల్లో చలికాలంలో నేల పైనుంచి కిందికి గడ్డకడుతుంది. మట్టిలోని నీరు మంచుగా మారినప్పుడు వ్యాకోచిస్తుంది, పైన ఉన్న కట్టడాన్ని ఎత్తేస్తుంది. అందుకే ఆ రాష్ట్రపు నిర్మాణ నియమాల ప్రకారం పునాది అడుగుభాగం దక్షిణ జిల్లాల్లో 42 అంగుళాలు, ఉత్తర జిల్లాల్లో 60 అంగుళాల లోతున ఉండాలి. ఎలాగూ అంత లోతు తవ్వాలి కాబట్టి ఇంకొంచెం తవ్వి గది కట్టుకోవడం అక్కడ అలవాటైంది.

సాలమాండర్ లెక్క కూడా ఇదే. టైగర్ సాలమాండర్ శరీరం గడ్డకడితే అది చనిపోతుంది. కాబట్టి శరదృతువులో మంచు చేరని లోతుకు దిగాలి. ఆంబిస్టోమా కుటుంబాన్ని ఇంగ్లిషులో మోల్ సాలమాండర్లు అనడానికి కారణం ఈ భూగర్భ జీవితమే. మచ్చల సాలమాండర్ ఎలుకలు, చుంచులు తవ్విన బొరియలను వాడుకొంటుంది. టైగర్ సాలమాండర్ తన ముందుకాళ్లతో తానే తవ్వుకోగలదు కూడా.

ఇప్పుడు ఈ రెండు లెక్కలను పక్కపక్కన పెట్టి చూడండి. ఇల్లు కట్టినవాడు తవ్వి మళ్లీ పూడ్చిన మట్టి గోడ చుట్టూ వదులుగా ఉంటుంది. ఇంటి వెచ్చదనం కొంత బయటికి కారుతుంది కాబట్టి అక్కడ నేల ఆలస్యంగా గడ్డకడుతుంది. ఎలుకల బొరియలూ అక్కడే ఎక్కువ. వర్షపు రాత్రి చోటు వెతుక్కొంటూ నడిచే సాలమాండర్‌కు పునాది గోడ అడ్డు తగులుతుంది. అది గోడ వెంబడే పోతుంది. నేలమాళిగ కిటికీకి వెలుతురు రావడానికి గోడ బయట తవ్వి ఉంచిన గుంటలో పడుతుంది. గుంట గోడలు నున్నటి రేకుతో చేసినవైతే ఎక్కి రాలేదు. కిటికీ పక్క సందులోంచో, పైపు చుట్టూ ఉన్న పగులులోంచో, నీరు చేరడానికి గదిలో తవ్విన గుంటలోంచో లోపలికి వస్తుంది.

అంటే అది దారి తప్పి వచ్చింది కాదు. సరైన లోతునే వెతుక్కొంటూ వచ్చింది. ఆ లోతులో మట్టికి బదులు సిమెంటు నేల ఎదురైంది, అంతే.

(ఐరోపాలో సాలమాండర్ నిప్పులో పుడుతుందనే పాత నమ్మకం ఒకటి ఉండేది. పుచ్చిపోయిన దుంగల్లో చలికాలం గడిపే ఫైర్ సాలమాండర్లు, ఆ దుంగలను పొయ్యిలో వేయగానే వేడికి బయటికి పాకి రావడం వల్ల ఈ నమ్మకం పుట్టి ఉంటుందని చెబుతారు. చలికాలంలో మనిషి ఇంట్లోకి సాలమాండర్ రావడం కొత్త సంగతి కాదన్నమాట.)

3. చలి కంటే వెచ్చదనమే ప్రమాదం

ఉభయచరాలను శీతరక్త జంతువులు అని చదువుకొన్నాం. ఈ మాట కొంత తప్పుదోవ పట్టిస్తుంది. వాటి రక్తం ఎప్పుడూ చల్లగా ఉండదు. పరిసరాల ఉష్ణోగ్రత ఎంతో, శరీర ఉష్ణోగ్రత దాదాపు అంతే ఉంటుంది. శరీరం చల్లబడితే ఎంజైముల చర్యలు మందగిస్తాయి, ఆక్సిజన్ వాడకం తగ్గుతుంది, ఆకలి పోతుంది. శీతకాల సుప్తావస్థ అంటే ఇదే. మీ డబ్బాలో కదలకుండా పడి ఉన్న సాలమాండర్ బాధపడుతూ లేదు. ఖర్చు తగ్గించుకొంటోంది.

ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే జీవక్రియ రేటు ఎన్ని రెట్లవుతుందో తెలిపే సంఖ్యను క్యూ10 గుణకం అంటారు. చాలా జీవక్రియలకు ఇది 2 నుంచి 3 వరకు ఉంటుంది. ఒక చిన్న లెక్క చేద్దాం. ఇందులోని అంకెలు అభ్యాసం కోసం తీసుకొన్నవి, ఏ ఒక్క జంతువును కొలిచి రాసినవి కావు. ఒక సాలమాండర్ శరీరంలోనూ తోకలోనూ నిల్వ చేసుకొన్న కొవ్వు 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర 150 రోజులకు సరిపోతుందనుకొందాం. క్యూ10 విలువ 2.5 అనుకొందాం. నేలమాళిగ 14 డిగ్రీలు ఉంటే ఖర్చు రెండున్నర రెట్లవుతుంది, కొవ్వు 60 రోజులకే సరి. 24 డిగ్రీల గదిలో మరో రెండున్నర రెట్లు, అంటే 24 రోజులు. నవంబరు మధ్యలో దొరికిన జంతువు మొదటి సందర్భంలో ఏప్రిల్ దాకా నిలుస్తుంది. రెండో సందర్భంలో జనవరి మధ్యకు, మూడో సందర్భంలో డిసెంబరు రెండో వారానికి నిల్వ అయిపోతుంది.

'తిండి పెడితే సరిపోదా?' అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. సాలమాండర్లను ఏళ్ల తరబడి వెచ్చని గదుల్లో పెంచేవారు ఉన్నారు, క్రమం తప్పకుండా తిండి పెడతారు. చిక్కంతా నడిమి ఉష్ణోగ్రతలతోనే. 10 నుంచి 14 డిగ్రీల దగ్గర జంతువు నిద్రపోయేంత చల్లగానూ ఉండదు, వేటాడి తిని అరిగించుకొనేంత చురుగ్గానూ ఉండదు. వేడిచేయని నేలమాళిగలు చాలావరకు ఈ మధ్యస్థితిలోనే ఉంటాయి. కొత్తగా పట్టుబడిన అడవి జంతువు బెదురుతో వారాలపాటు ఏమీ ముట్టకపోవచ్చు. ముట్టినా, ఆ తరువాత గది చల్లబడితే తిన్నది అరగక కడుపులోనే కుళ్లుతుంది.

చలి వల్ల ప్రమాదమే లేదని దీని అర్థం కాదు. సున్నా డిగ్రీల కంటే దిగితే టైగర్ సాలమాండర్‌కు చావు తప్పదు. ఈ విషయంలో ఉభయచరాలన్నీ ఒకటి కావు. అదే అడవుల్లో ఉండే వుడ్ ఫ్రాగ్ అనే కప్ప ఆకుల కిందే పడుకొని, శరీరంలోని నీటిలో మూడింట రెండు వంతుల వరకు గడ్డకట్టినా వసంతంలో లేచి గెంతుతుంది. కాలేయంలోని గ్లైకోజెన్ గ్లూకోజ్‌గా మారి కణాలను కాపాడుతుంది. సైబీరియా సాలమాండర్ గ్లిసరాల్ సాయంతో అంతకంటే తీవ్రమైన చలిని తట్టుకొంటుంది. మన నేలమాళిగ అతిథికి ఆ శక్తి లేదు. దానికి కావలసింది గడ్డకట్టని చలి, అంటే 4 నుంచి 7 డిగ్రీలు.

4. చర్మం, తేమ

కొవ్వు అయిపోవడానికి వారాలు పడుతుంది. నీరు అయిపోవడానికి ఒకటి రెండు రోజులు చాలు. నేలమాళిగలో చనిపోయి దొరికే సాలమాండర్లు సాధారణంగా ఎండిపోయి దొరకడానికి కారణం ఇదే.

టైగర్ సాలమాండర్‌కు ఊపిరితిత్తులు ఉన్నా, శ్వాసక్రియలో గణనీయమైన భాగం చర్మం ద్వారానే జరుగుతుంది. చర్మం తడిగా ఉంటేనే ఆక్సిజన్ కరిగి, విసరణ ద్వారా రక్తంలోకి చేరుతుంది. ఇలా వాయువులను రానిచ్చే చర్మం నీటిని కూడా పోనిస్తుంది. అది నోటితో నీరు తాగదు. తడి నేల మీద పడుకొని చర్మం ద్వారానే పీల్చుకొంటుంది.

ఇక ఇంట్లోని గాలిని చూద్దాం. మైనస్ 15 డిగ్రీల వద్ద ఒక ఘనపు మీటరు గాలి సుమారు ఒకటిన్నర గ్రాముల నీటి ఆవిరినే ఉంచుకోగలదు. ఆ గాలి ఇంట్లోకి వచ్చి 20 డిగ్రీలకు వేడెక్కితే దాదాపు 17 గ్రాములు పట్టే స్థితికి వస్తుంది. కాని దానిలో ఉన్నది ఆ ఒకటిన్నర గ్రామే. సాపేక్ష ఆర్ద్రత పది శాతం లోపుకు పడిపోతుంది. వంట, స్నానాలు, మనుషుల ఊపిరి వల్ల కొంత తేమ చేరినా గాలి పొడిగానే ఉంటుంది. మనుషులకు పెదవులు పగిలే ఆ గాలిలో సాలమాండర్ పరిస్థితి ఏమిటో మీరే ఊహించండి. నేలమాళిగలో బూజు పట్టకుండా తేమను లాగే యంత్రం కూడా నడుస్తుంటే ఇంకా కష్టం.

మన ప్రాంతపు బోదురు కప్పను ఇక్కడ గుర్తుచేసుకోవడం మంచిది. ఆంధ్ర, తెలంగాణల్లో సాలమాండర్లు లేవు. మన దేశంలో డార్జిలింగ్ కొండలు మొదలైన ఈశాన్య ప్రాంతాల్లో మాత్రమే టైలోటోట్రైటాన్ అనే ప్రజాతి ఉంది. అది కూడా రాళ్ల కింద, దుంగల కింద చలికాలం దాటుతుంది. కాని మన చెరువు ఎండినప్పుడు మట్టిలోకి దిగిపోయే కప్పకూ, మిన్నెసోటా సాలమాండర్‌కూ ఉన్న ఇబ్బంది ఒకటే: తిండి లేని కాలంలో ఒంట్లో నీరు పోకుండా, కొవ్వు కరిగిపోకుండా ఎలా నిలవాలన్నది. ఒకటి వేసవిని తప్పించుకొంటుంది, మరొకటి శీతకాలాన్ని.

మీ ప్రగతిని సరిచూసుకోండి: పై లెక్కలో క్యూ10 విలువను 2గా తీసుకొంటే, 14 డిగ్రీల వద్దా 24 డిగ్రీల వద్దా కొవ్వు ఎన్ని రోజులు వస్తుంది? మీ జవాబు 75 రోజులు, ముప్పై ఏడున్నర రోజులు అయితే ముందుకు సాగండి.

5. దొరికినప్పుడు చేయవలసినవి

ముందు బయటికి చూడండి. నేల ఇంకా గడ్డకట్టకపోతే, అక్టోబరులో చాలాసార్లు అలాగే ఉంటుంది, దాన్ని ఇంట్లో ఉంచవలసిన పనే లేదు. తడిగా ఉన్న సాయంకాలం చూసి, ఇంటికి దగ్గరలోనే, పుచ్చిన దుంగ కిందో బొరియ నోటి దగ్గరో ఆకులు కప్పి వదిలితే లోతు అదే వెతుక్కొంటుంది.

నేల గడ్డకట్టి ఉంటే బయట వదలకూడదు. గట్టిపడిన నేలలోకి అది దిగలేదు. ఒక్క రాత్రిలో చనిపోతుంది. అప్పుడు కూడా డబ్బా కోసం పరుగెత్తకుండా, అది దొరికిన మూలలో థర్మామీటరు పెట్టి చూడండి. అక్కడ 10 డిగ్రీల లోపు ఉండి, నేల చెమ్మగా ఉంటే దాన్ని అక్కడే ఉండనివ్వడం మేలని నా అభిప్రాయం. ఒక చెక్కపలకను గోడకు ఆనించి, దాని కింద తడి ఆకులు పరిచి, చుట్టూ ఉన్న ప్రమాదాలను తొలగించండి. వీటిలో అన్నిటికంటే చెడ్డవి ఎలుకల కోసం పరిచే జిగురు అట్టలు. వాటికి అంటుకొన్న సాలమాండర్ చర్మం ఊడకుండా బయటికి రావడం కష్టం. బొద్దింకల మందు పొడి, పిల్లి, చెప్పులకూ కారు చక్రాలకూ అంటి వచ్చే రోడ్డు ఉప్పు కూడా ప్రమాదాలే. మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఆ ఉప్పు తడి చర్మంలోంచి నీటిని లాగేస్తుంది.

గది వెచ్చగా, పొడిగా ఉంటే మాత్రం పెట్టె అవసరం. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ పెట్టెకు గాలి రంధ్రాలు చేసి, ఎరువులు, పురుగుమందులు తగలని తోటమట్టిని ఒక జానెడు మందంలో నింపి, పైన రాలిన ఆకులు పరవాలి. గులకరాళ్లు వద్దు. మట్టి తడి ఎంత ఉండాలన్నదానికి చేతి పరీక్షే నమ్మదగింది: గుప్పిట్లో నొక్కితే ముద్ద కావాలి, వేళ్ల మధ్య నీరు కారకూడదు. ఒక పక్క కొంచెం ఎక్కువ తడిగా ఉంచితే తనకు కావలసిన చోటును జంతువే ఎంచుకొంటుంది.

నీటి విషయంలో జాగ్రత్త. కుళాయి నీటిలోని క్లోరిన్ ఒక రోజు తెరిచి ఉంచితే పోతుంది. కాని అమెరికాలో చాలా నగరాల్లో వాడే క్లోరమీన్ అలా పోదు. వాననీరు, కరిగించిన శుభ్రమైన మంచు వాడవచ్చు. డిస్టిల్డ్ వాటర్ పూర్తిగా శుద్ధమైంది కదా అని దాన్ని వాడకూడదు. ద్రవాభిసరణ పాఠాన్ని గుర్తుచేసుకొంటే కారణం మీకే తడుతుంది.

ఎత్తవలసి వస్తే చేతులను సబ్బు, క్రీము లేకుండా కడుక్కొని, తడి చేతులతోనే పట్టుకోవాలి. పొడి చేయి చర్మం మీది శ్లేష్మపు పొరను తుడిచేస్తుంది. తరువాత సబ్బుతో కడుక్కోకముందు కళ్లు ముట్టుకోవద్దు. దాని చర్మగ్రంథులు స్రవించే పదార్థం మంట పుట్టిస్తుంది. ఒంటికి దుమ్ము, సాలెగూడు అంటుకొని, పక్కల మడతలు లోతుగా కనిపిస్తుంటే అది ఎండిపోతోందని గుర్తు. చల్లటి నీటిని ముక్కురంధ్రాలు మునగనంత లోతులో ఒక పళ్లెంలో పోసి, గంటసేపు అందులో ఉంచాలి.

పెట్టెను ఎక్కడ పెట్టాలన్నదే అసలు సమస్య. వేడిచేయని గదిలో బయటి గోడ పక్కన, కొలిమికీ నీళ్లు కాచే యంత్రానికీ దూరంగా, నేల మీద పెట్టండి. గ్యారేజీలో పెడితే సున్నాకు దిగే రాత్రులు వస్తాయి, కాబట్టి థర్మామీటరు తప్పనిసరి. కొందరు ఫ్రిజ్ వాడతారు. 4 డిగ్రీలు స్థిరంగా దొరుకుతాయి కాని, ఫ్రిజ్‌లో గాలి మారదు, మట్టి త్వరగా ఎండుతుంది. వారానికి ఒకసారైనా తెరిచి చూసే ఓపిక ఉంటేనే అది పనికొస్తుంది. వెచ్చని గదిలోంచి నేరుగా చలిలోకి మార్చకుండా, కొన్ని రోజుల్లో మెల్లగా దించాలి.

10 డిగ్రీల లోపు ఉన్నంతకాలం తిండి పెట్టవద్దు. గది అంతకంటే వెచ్చగా ఉండి, జంతువు రాత్రిళ్లు తిరుగుతుంటే వారానికో పది రోజులకో ఒక వానపామును ఇవ్వవచ్చు. కంపోస్టు గుంటల్లో పెంచే ఎర్ర వానపాములు చేదు ద్రవం వదులుతాయి, వాటిని ఉమ్మేస్తుంది. అన్నం, రొట్టె, కుక్కబిస్కెట్లు దాని ఆహారం కావు. తినని పురుగును మరునాడు తీసేయండి.

6. వసంతంలో ఎక్కడ వదలాలి

మంచు కరిగి మొదటి వానలు పడే రాత్రులు ఆంబిస్టోమా సాలమాండర్లకు కీలకం. నేలలోంచి లేచి, చేపలు లేని చిన్న నీటిగుంటలకు గుంపులుగా నడుస్తాయి. అక్కడే జతకట్టి గుడ్లు పెడతాయి. మచ్చల సాలమాండర్లు ఏటేటా అదే గుంటకు తిరిగి వస్తాయి. మీ పెట్టెలోని జంతువుకు తెలిసిన గుంట కూడా మీ ఇంటి చుట్టుపక్కలే ఉండి ఉంటుంది. 'ఇంకా మంచి అడవి'లో వదులుదామని కారులో తీసుకుపోతే, తెలియని చోట దానికి బొరియా తెలియదు, గుంటా తెలియదు.

దూరం తీసుకుపోకూడదనడానికి ఇంతకంటే పెద్ద కారణం వ్యాధి. నెదర్లాండ్స్‌లో ఫైర్ సాలమాండర్ల సంఖ్య 2010 తరువాత దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. చర్మాన్ని తినే ఒక కైట్రిడ్ శిలీంధ్రం దానికి కారణమని గుర్తించి 2013లో దానికి పేరు పెట్టారు. ఆసియా సాలమాండర్ల వ్యాపారంతో అది ఐరోపాకు చేరిందని శాస్త్రజ్ఞుల నిర్ధారణ. అమెరికా ప్రభుత్వం 2016లో 201 సాలమాండర్ జాతుల దిగుమతిని, రాష్ట్రాల మధ్య రవాణాను ఆపడానికి నియమం తెచ్చింది. టైగర్ సాలమాండర్లను చంపే రానావైరస్ ఒకటి ఉత్తర అమెరికాలోనే ఉంది. కాబట్టి ఒక ఇంట్లో రెండు చోట్ల నుంచి వచ్చిన జంతువులను ఒకే పెట్టెలో పెట్టకూడదు. అంగడిలో కొన్న ఆక్సోలోటల్ ఇంట్లో ఉంటే దాని తొట్టి నీరు, వల, చేతులు వీటి దగ్గరికి రాకూడదు. పెట్టెలోని మట్టిని కూడా దూరంగా పారబోయకండి.

చట్టం సంగతి రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. న్యూయార్క్, న్యూజెర్సీ రాష్ట్రాల్లో తూర్పు టైగర్ సాలమాండర్ అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాలో ఉంది. అక్కడ దాన్ని ఇంట్లో ఉంచుకోవడం, దయతో చేసినా, నేరం కావచ్చు. రాష్ట్ర వన్యప్రాణి శాఖకు ముందుగా ఫోను చేయాలి. మీ బంధువులెవరైనా ఆ ప్రాంతాల్లో ఉండి, నేలమాళిగలో 'నల్ల బల్లి' కనిపించిందని ఫొటో పంపితే మీరు చెప్పవలసిన మొదటి మాట: హీటరు దగ్గర పెట్టవద్దు. రెండో మాట ఇదే.

వదిలే రోజున వాన పడుతుండాలి, రాత్రి ఉష్ణోగ్రత 5 డిగ్రీలకు పైన ఉండాలి, వారం పాటు గడ్డకట్టే చలి రాదని వాతావరణ సూచన ఉండాలి. ఇంటి దగ్గరే దుంగల కింద వదలండి. ఆ తరువాత కిటికీ గుంటకు మూత వేయండి, లేదా గరుకు చెక్కపలకను ఏటవాలుగా గుంటలోకి దించి ఉంచండి. పడిన జంతువు దాని మీదుగా ఎక్కి వెళ్లిపోతుంది. వచ్చే శరదృతువులో ఇంకొకటి అదే గోడ వెంబడి రావచ్చు.

అభ్యాస ప్రశ్నలు

1. ఇంటి పునాది లోతుకూ, సాలమాండర్ శీతకాలపు బొరియ లోతుకూ ఉన్న సంబంధాన్ని వివరించండి.

2. వుడ్ ఫ్రాగ్, టైగర్ సాలమాండర్ గడ్డకట్టే చలిని ఎదుర్కొనే తీరులో తేడా ఏమిటి?

3. డిసెంబరు చివర, 13 డిగ్రీల ఉష్ణోగ్రత ఉన్న పొడి నేలమాళిగలో ఒక టైగర్ సాలమాండర్ దొరికింది. పక్కనే వేడిచేయని గ్యారేజీ ఉంది, అక్కడ రాత్రిళ్లు మైనస్ 2, పగలు 5 డిగ్రీలు. ఇంట్లో ఒక ఆక్సోలోటల్ తొట్టి కూడా ఉంది. మీరైతే మొదటి రోజున, మొదటి వారంలో, మార్చి చివరన ఏమేమి చేస్తారు? ప్రతి పనికీ కారణం రాయండి.